అమ్మ మాటలకు సబ్‌టైటిళ్లు

రైల్వే వర్క్‌షాపు మా నాన్నకు పెన్షనూ ఇచ్చింది, చెవుడూ ఇచ్చింది. పెన్షను నెలకోసారే వస్తుంది, చెవుడు మాత్రం ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది. చెవికి మిషను పెట్టుకోమంటే "అది ఎట్టుకుంటే మీ గోలంతా ఇనాల" అంటాడు.

అలాంటి మనిషి ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాడు. ఆయన రిటైర్మెంటు ఫంక్షన్లో అమ్మ చేతికి మైకిచ్చారు. ఆవిడ సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది. హాలంతా ఘొల్లుమంది. దండల కింద కూర్చున్న నాన్న కూడా ఎందుకో తెలియకుండానే పళ్లికిలించాడు. ఆ తర్వాత మా అందరి ప్రాణాలూ తోడేశాడు. "మీ అమ్మ ఏటన్నాది? నన్నేటి ఏళాకోళం సేసినాది?" అమ్మనడిగితే "ఏటీ లేదు" అనేది. తెలుగు రాని పక్కింటి బెంగాలీ దీదీని కూడా అడిగాడు.

చివరికి అది నా మెడకు చుట్టుకుంది. వీడియో ఉంది గదా, సినిమాలకు వేసినట్టు కింద అక్షరాలు వెయ్యమన్నాడు.

ఫోన్లో ఒక యాప్ పెట్టి, వింటూ మొత్తం టైపు చేశాను. అది ఆ సబ్‌టైటిళ్లను వీటీటీ అనే రకం ఫైలుగా ఇచ్చింది. మా ఊరి ఖరిదా బజారులో బేరమాడి కొన్న టీవీకి ఎస్‌ఆర్‌టీ అనే రకం తప్ప మరోటి ఎక్కదు. రెండింట్లోనూ అవే మాటలు, అవే టైములు. తేడా అల్లా వీటీటీకి పైన ఒక హెడింగు, ఎస్‌ఆర్‌టీకి సెకన్ల పక్కన చుక్కకు బదులు కామా, ప్రతి ముక్కకూ ఒక నంబరు. ఇంతోటి దానికి టీవీ అంత బెట్టు చేస్తుంటే ఒళ్లు మండింది. హెడింగు పీకేసి, నంబర్లు వేసి, చుక్కలన్నీ ఒక్క దెబ్బకు కామాలు చేశాను. టైముల్లోవే కాదు, మాటల చివరి చుక్కలూ కామాలైపోయాయి. ఎవరి ఉపన్యాసమూ ముగియలేదు. రిటైర్మెంటు ఉపన్యాసాలే కాబట్టి అలాగే వదిలేశాను.

ఇంకో పని కూడా చేశాను. నాన్నతో పనిచేసిన ఒకాయన మైకులో "ఈడంత మొండి గాడిద వర్క్‌షాపులో లేడు" అన్నాడు. పెద్దాయన మనసు కష్టపెట్టడమెందుకని "ఈయనంత పట్టుదల గల మనిషి లేడు" అని రాశాను.

ఆదివారం పెన్‌డ్రైవు పెట్టాం. ఆ ముక్క రాగానే నాన్న కాలు ఊపడం ఆపాడు.

"ఒలే, ఆడు గాడిదన్నాడు. పట్టుదలేటి మద్దిలో?"

సుత్తుల మోతలో ఒకరి పెదాలు ఒకరు చదువుకుంటూ పనిచేసిన మనుషులని నేను మర్చిపోయాను. ఆయనకు సబ్‌టైటిల్ కావలసింది కొంగు చాటున ఉన్న ఆ ఒక్క నోటికే. అమ్మ మాటల్లో మాత్రం నేను అక్షరం మార్చలేదు. మార్చి ఉంటే బాగుండేదేమోనని అప్పుడు భయం వేసింది.

తెర మీదికి అమ్మ వచ్చింది. "మీకేటి, దండేసి పంపేసినారు, ఈ ఇంజనుకి ఇంక నేనే షెడ్డు," అక్కడే హాలు నవ్వింది. నాన్న మొహం మాడిపోయింది. ఆ నవ్వుల కింద ఎవరికీ వినపడని ముక్క ఇంకొకటుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ మళ్లీ విని పట్టుకున్నాను.

"ఈయనకి ఇనబడదు గాబట్టి సెప్తన్నాను, ఈ మనిషి ఇంటికాడ లేకపోతే నాకు పొద్దు పోదు,"

నాన్న కూడబలుక్కుని చదివాడు. వంటింట్లోంచి గరిటెతో వచ్చిన అమ్మ తెర చూసి, "ఓలమ్మ, ఇదెవలు రాసినారు?" అని నా మీదికొచ్చింది. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. నాన్న అమ్మ వైపు తిరిగి అన్న మాట వీధి చివర టోటో రిక్షాల వాళ్లకు కూడా వినపడింది.

"నువ్వు లేకపోతే నాకూ పోదే!"