ఏకీ వేకీ మధ్య ఖాళీ

జయరాముడు ఒమన్‌లోని సోహార్‌లో కంపెనీ బస్సు నడుపుతాడు. ఊరు జగిత్యాల దగ్గర. పొద్దున్నే కార్మికులుండే క్యాంపులో మనుషుల్ని ఎక్కించుకుని పోర్టు పక్కనున్న ప్లాంటులో దింపుతాడు, సాయంత్రం మళ్లీ తీసుకొస్తాడు. బస్సు నిండా మనుషులే, మాట్లాడేవాళ్లు మాత్రం లేరు. ఎక్కగానే కిటికీకి తల ఆనించి నిద్రపోతారు. రూమ్‌లో ఉన్నది బెంగాలీలు, నేపాలీలు. వాళ్లతో డ్యూటీకి సరిపడా హిందీ నడుస్తుంది, అంతే. భార్య సత్తవ్వ ఫోన్ చేస్తే తప్ప అతని నోట తెలుగు రాదు.

అలాంటి రోజుల్లో డ్రైవర్ సీటు వెనకాల ఖాదర్ వచ్చి కూర్చున్నాడు. కడప మనిషి. అక్కడ ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. బడి మూతపడితే ప్లాంటు స్టోర్‌లో పనికి వచ్చాడు. బస్సు కదలకముందు జయరాముడు ఫోన్‌లో సత్తవ్వతో మాట్లాడుతుంటే విని, "తెలుగేనా అన్నా?" అన్నాడు. జయరాముడు ఫోన్ పెట్టేసి మరీ వెనక్కి తిరిగాడు.

ఒకరోజు పొద్దున సూపర్‌వైజర్, యార్డులో ఎవరున్నారని డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో అడిగాడు. బయటికెళ్లిన డ్రైవర్లు ఇక్కడ లేరని చెప్పడానికి అతను ఇంగ్లీషులో 'అవే' అనడం జయరాముడు చాలాసార్లు విన్నాడు. ప్లాంటు గేటు దగ్గర బస్సు ఆపి, తనకు తోచిన స్పెల్లింగుతో 'ఐ యామ్ ఏ వే' అని పంపాడు. గ్రూపు నిండా నవ్వే బొమ్మలు వచ్చాయి. 'నువ్వు ఏ దారివి?' అని సూపర్‌వైజర్ ఇంగ్లీషులో రాశాడు. మళ్లీ బొమ్మలు. ఎందుకు నవ్వుతున్నారో జయరాముడికి అర్థం కాలేదు. ఎవరినీ అడగలేకపోయాడు.

సాయంత్రం ఖాదర్ ఎక్కగానే ఫోన్ చూపించాడు.

"ఏం తప్పు రాసిన సారూ? గిట్ల నవ్వవట్టిరి."

ఖాదర్ చదివాడు. నవ్వలేదు. "ఏకీ వేకీ మధ్య ఖాళీ వదిలినావన్నా. కలిపి రాయాల. విడగొడితే 'నేనొక దారిని' అని అర్థం వస్తాది."

"తప్పేమున్నది? అందరు నా మీదికెల్లే పోతరు గదా."

ఖాదర్ ఫోన్ తిరిగి ఇచ్చాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "ఎనకటికి అది రెండు మాటలేన్నా. 'ఆన్', 'వే'. దారి మీద ఉండాడు అని. పలికీ పలికీ 'ఆన్' అరిగిపోయి 'అ' మిగిలింది, 'వే'కి అతుక్కునింది. దారి పట్టినోడు ఇంట్లో ఉండడు గదా, అట్ల దూరంగా ఉండాడనే అర్థం వచ్చేసింది."

"దారిల ఉన్నోడు ఇంటికి వస్తుండచ్చు గదా సారూ. దూరమెట్లయితడు?"

"చెప్పేది ఇంట్లో ఉండేవాళ్లన్నా. వాళ్లకు పోయినోడి వీపే కనపడతాది."

అప్పటికి అందరూ ఎక్కారు. జయరాముడు బస్సు తీశాడు.

ఎండాకాలం రాకముందే స్టోర్‌లో మనుషుల్ని తగ్గించారు. ఖాదర్‌ను మస్కట్ ఎయిర్‌పోర్టులో దింపే డ్యూటీ జయరాముడికే పడింది. ఆ రోజు ఖాదర్ వెనక కాకుండా పక్క సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా కడప గురించే చెప్పాడు. దిగేటప్పుడు ఇండియా నంబర్ ఇచ్చి, "ఫోన్ చేస్తాండు అన్నా," అన్నాడు.

జయరాముడు చేశాడు. మొదట్లో ఖాదర్ వెంటనే ఎత్తేవాడు. తర్వాత మళ్లీ చేస్తానని పెట్టేసేవాడు. ఆ తర్వాత మోగుతూ ఉండేది.

ఒక శుక్రవారం ఖాదర్ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. కొత్త బడిలో ఉద్యోగం దొరికిందట, వెనక పిల్లల గోల వినిపిస్తోంది. "నువ్వెట్లుండావన్నా?" అని అడిగాడు.

జయరాముడు మంచం మీద కూర్చుని జవాబు మొదలుపెట్టాడు. తన వెనక సీట్లో ఇప్పుడెవరు కూర్చుంటున్నారో, ప్లాంటులో ఎండ ఎట్లుందో చాలా సేపు చెప్పాడు. విని, బాగాలేదనిపించి చెరిపేశాడు. మళ్లీ చెప్పాడు, మళ్లీ చెరిపాడు. చివరికి, "మంచిగున్న సారూ. బడి పిల్లలను పైలంగ చూసుకోండ్రి," అని పంపి, బస్సు కడగడానికి బకెట్టు తీసుకుని బయటికి నడిచాడు.