నిండు బండి, ఖాళీ బండి

గోదాముల వీధి చివర, రోడ్డు రెండుగా చీలే చోట, లారీలని తూచే కాటా ఉంది. నేలకి సమానంగా పరిచిన పొడవాటి ఇనప పలక, దాని పక్కన కిటికీ ఉన్న చిన్న గది, గది నెత్తిన ఎర్ర అంకెల బోర్డు. చాలా ఏళ్లుగా ఆ గదిలో కూర్చుంటున్న మనిషిని లారీల వాళ్లు కాటాయన అంటారు. వీధిలో వాళ్లూ అదే అంటారు. భార్య మాత్రం ఏవండీ అంటుంది. ఆ ఒక్క ముక్కని ఎన్ని రకాలుగా అనొచ్చో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

కాటాయన నిక్కచ్చి మనిషి. సరుకుతో వచ్చిన లారీని ముందు నిండుగా తూస్తాడు. సరుకు దించి వచ్చాక ఖాళీగా తూస్తాడు. నిండు బండిలోంచి ఖాళీ బండిని తీసేస్తే మిగిలేది సరుకు. ఇందులో తిరకాసేం లేదు గానీ మనుషులు ఊరుకోరు. నిండు బండిని తూచేటప్పుడు క్లీనరు చక్రం చాటున నక్కుతాడు. డ్రైవరు దిగినట్టే దిగి ఒక కాలు పలక మీద మర్చిపోతాడు. కాటాయన కిటికీలోంచి చూసి మైకులో, ఏమాత్రం గొంతు పెంచకుండా, "పలక మీద ఎవరిదో కాలుంది. వాళ్లని తీసుకెళ్లమనండి" అంటాడు. కాలు వెళ్లిపోతుంది. "నీ కాటా పాడైందయ్యా" అని డ్రైవరు గొణుగుతాడు.

ఆయనకి కోపం తెప్పించే మాట అదొక్కటే. ఆయన్ని ఏమైనా అనొచ్చు, అత్తగారు అన్నారు కూడా. కాటాని మాత్రం అనకూడదు.

సెలవు రోజున కాటా ఒంటిపూటే తెరుస్తారు. మధ్యాహ్నం మూసేసి పిల్లల్ని పార్కుకి తీసుకెళ్లాలన్నది మొగుడూపెళ్లాల ఒప్పందం. ఆవిడ ఉడికించిన గుడ్లూ అరటిపళ్లూ సంచిలో సర్దుకుని, నీళ్ల సీసా భుజాన తగిలించుకుని, ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని కాస్త ముందే వచ్చేస్తుంది. పెద్దదానికి ఆరేళ్లు, చిన్నాడికి మూడు. పార్కు అక్కడికి రెండు వీధుల అవతలే. జారుడుబల్ల ఉంది, ఉయ్యాలలున్నాయి, ఎక్కి కూర్చోడానికి సిమెంటు ఏనుగుంది. ఏం లాభం? పిల్లలు ఇనప పలక దాటి రారు. దాని మీద పరిగెడితే ధనధనమని మోగుతుంది. అలా మోగే నేల పార్కులో ఎక్కడుంది?

"ఊళ్లో పిల్లలు ఏనుగెక్కుతారు," అంది ఆవిడ, గది గుమ్మంలో సంచి దించుతూ. "మన పిల్లలు లారీ దిగిన చోట ఎక్కుతారు. అంతా తండ్రి పోలికే."

"ఇనుము గట్టిది. ఏం కాదు," అన్నాడు కాటాయన.

"ఇనుముకి ఏమవుతుందోనని కాదండీ నా బెంగ."

లారీలు లేనప్పుడు తూకాలాట మొదలవుతుంది. అందరికంటే ముందు ఆవిడ ఎక్కుతుంది, ఏ మొహమాటమూ లేకుండా. బోర్డు మీద అరవై పడుతుంది. లారీల కాటా కదా, అది ఇరవై ఇరవైలుగానే లెక్కపెడుతుంది. ఇరవై నిండని దేన్నీ ఖాతరు చెయ్యదు.

కాటాయన మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. "కుర్చీలో ఎవరో ఒకరు ఉండాలి కదా," అంటాడు. ఆయన బరువు డెబ్బై. పెళ్లికి ముందు అత్తవారికి చెప్పిన లెక్క అది. మాట మీద నిలబడే మనిషి కాబట్టి ఇప్పటికీ అదే. మధ్యలో దర్జీ ఆయన ప్యాంట్ల నడుము రెండుసార్లు వదులు చేశాడు. సబ్బు మంచిది కాదనీ, దానివల్ల గుడ్డ కుంచించుకుపోతోందనీ ఆయన అభిప్రాయం.

ఆ సెలవు రోజున పెద్దది పలక మీద నిలబడగానే బోర్డు ఒక్క క్షణం ఆలోచించి ఇరవై చూపించింది.

అది ఎగరలేదు, అరవలేదు. అంత గొప్ప సంగతి జరిగినప్పుడు మనుషులు ఎలా నిలబడాలో అలా నిలబడింది. తర్వాత దిగి, తమ్ముణ్ణి పలక మధ్యకి తోసింది.

బోర్డు మీద సున్నా పడింది.

"నువ్వు సున్నా," అంది పెద్దది.

"కాదు!"

"అదిగో, ఉందిగా. సున్నాగాడు."

చిన్నాడు ఎగిరాడు. సున్నా. కూర్చున్నాడు. సున్నా. దిగి వెళ్లి గుప్పెడు గులకరాళ్లు నిక్కరు జేబుల్లో కుక్కుకుని, నిక్కరు జారిపోకుండా రెండు చేతుల్తో పట్టుకుని మళ్లీ ఎక్కాడు.

మైకు గరగరమంది. "జేబుల్లో రాళ్లుంటే తీసెయ్యాలి."

"ఏవండీ!" అంది ఆవిడ. ఇది తప్పుపట్టే ఏవండీ.

"రాళ్లు రాళ్లే, వాడు వాడే," అన్నాడు ఆయన కిటికీలోంచి. "ఒరేయ్, నువ్వు పద్నాలుగు కిలోలున్నావు. డాక్టరుగారు చెప్పారుగా."

"ఏదీ, చూపించు," అన్నాడు చిన్నాడు బోర్డు వంక వేలెత్తి.

బోర్డు మీద లేని అంకెని కాటాయన ఎప్పుడూ ఎవరికీ చూపించలేదు.

"నేను ఇక్కడే ఉన్నా కదా," అన్నాడు చిన్నాడు. పెదవి వణికింది. "దానికి నేను కనపడట్లేదా?"

ఆవిడ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి కొడుకు వెనక నిలబడింది. కొంగు సర్దుకుంటున్నట్టు వంగింది. బోర్డు మీద సున్నా చెదిరి ఇరవై పడింది. చిన్నాడు నోరు తెరిచాడు.

"పలక మీద ఎవరిదో కాలుంది," అంది మైకు.

ఆవిడ నిటారుగా నిలబడి కిటికీ వైపు చూసింది. "ఎవరిదోనట! పెళ్లై ఎనిమిదేళ్లయింది, నా కాలు గుర్తుపట్టలేరూ?"

"కాలెవరిదైనా తీసెయ్యాలి."

కాలు తీసేసింది. మళ్లీ సున్నా. ఈసారి చిన్నాడు ఏడవలేదు. పలక నడిమధ్యన వెల్లకిలా పడుకుని, చేతులు చాపి, ఆకాశం వంక చూస్తూ ఉండిపోయాడు. పార్కన్నా లేవలేదు, అరటిపండన్నా లేవలేదు. "సున్నా పోయేదాకా లేవను," అన్నాడు. అంతసేపు సున్నాగాడని పాడుతున్న పెద్దది కూడా కాస్త తగ్గింది.

అప్పుడే మీసాల డ్రైవరు ఖాళీ లారీతో వచ్చి పలక ముందు ఆపాడు. కాటాయన మూలంగా ఇదే పలక మీంచి ఎన్నిసార్లు కాలు తీశాడో అతనికే తెలియదు. హారన్ కొట్టాడు. చిన్నాడు కదల్లేదు. డ్రైవరు కిందికి దిగొచ్చి, పలక మీద సరుకుని చూసి, గది వైపు తల తిప్పాడు.

"గురూ, ఈ బండి ఎవరిది? అడ్డంగా ఆగిపోయింది."

"మా వాడు," అంటూ కాటాయన బయటికొచ్చాడు. "తూకం పడట్లేదని అలిగాడు."

"నీ కాటా పాడైందేమో చూసుకో."

కాటాయన మొహం ఎర్రబడింది. పెద్దది మధ్యలో దూరింది. "నాన్నా, నిండు బండీ ఖాళీ బండీ చెయ్యొచ్చుగా? అమ్మ లారీ. వీడు సరుకు."

కన్నకూతురికి తట్టింది తనకి తట్టలేదని ఆయన ఒప్పుకోలేదు గానీ, గబగబా గదిలోకి వెళ్లి కూర్చున్నాడు. ఆవిడ కొడుకుని చంకనేసుకుని పలక ఎక్కింది. అందరూ తలెత్తారు.

అరవై.

వాణ్ణి పలక అవతల దించి వచ్చి నిలబడింది. అరవై.

"అమ్మ ఎత్తుకున్నా నేను లేను," అన్నాడు చిన్నాడు, ఇంక చెప్పుకోడానికి ఏమీ మిగలనట్టు. మళ్లీ వెళ్లి పలక మీద పడుకున్నాడు.

"అమ్మ చిన్న లారీ," అంది పెద్దది. "ఇంకో లారీ కావాలి."

మాట పూర్తవకముందే ముగ్గురూ కిటికీ వైపు తిరిగారు. మీసాల డ్రైవరు కూడా తిరిగాడు.

"కుర్చీలో ఎవరో ఒకరు..." అని మొదలుపెట్టాడు కాటాయన.

"నేను కూర్చుంటాను," అంది ఆవిడ.

"మీట నొక్కడం నీకు రాదు."

"ఎనిమిదేళ్లుగా మీతో వేగుతున్నా. ఒక మీట నొక్కలేనా?"

ఆయనకి కిటికీలోంచి పలక మీద కొడుకు అరికాళ్లు కనిపిస్తున్నాయి, మట్టితో, చిన్నవి. కాటా ఇరవై ఇరవైలుగా గెంతుతుంది. తను ఎక్కినా అది గెంతుతుందని నమ్మకమేం లేదు. పరువూ పోయి, వాడు సున్నాగానూ మిగిలిపోవచ్చు. ఆ మాట ఆయనకంటే బాగా తెలిసినవాడు ఆ వీధిలో లేడు.

లేచి బయటికొచ్చాడు. తాళాల గుత్తి, ఫోను, జేబులో చిల్లర తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. చెప్పులు విడిచాడు.

"వాచీ కూడా తీసెయ్యి గురూ," అన్నాడు మీసాల డ్రైవరు, లారీ బంపరు మీద సుఖంగా కూర్చుంటూ. "న్యాయం న్యాయమే."

వాచీ తీశాడు. చిన్నాణ్ణి ఎత్తుకుని పలక మధ్యకి నడిచాడు. చిన్నాడు మెడ చుట్టూ చేతులేసి బోర్డు వంక చూడసాగాడు.

మైకు గరగరమంది. "ఇంజన్ ఆపండి," అంది ఆవిడ, అచ్చం ఆయన గొంతుతో.

"ఆపాను," అన్నాడు కాటాయన.

"డ్రైవరు పొట్ట లోపలికి లాక్కోకూడదు. వదిలెయ్యండి."

డ్రైవరు వదిలేశాడు. పొట్ట బిగిస్తే కాటా మోసపోదని రోజూ లోకానికి చెప్పే మనిషే, తన వంతు వచ్చేసరికి ఒకసారి ప్రయత్నించి చూశాడు మరి.

"నిండు బండి... వంద!" అంది మైకు.

ఎదురు గోదాము కాపలావాడు స్టూలు మీంచి లేచి చూశాడు. మీసాల డ్రైవరు ఈల వేశాడు.

"డెబ్బై అన్నారు మా నాన్నతో," అంది మైకు, వీధి వీధంతా వినేలా. "పిల్లాడు పద్నాలుగు. మిగతాది ఏ జేబులో పెట్టుకున్నారో తీసెయ్యాలి."

"మైకు ఆపవే!"

"తూకం అవ్వలేదండీ. సరుకు దింపండి."

ఆయన వంగి, చిన్నాణ్ణి పలక అవతల మట్టి మీద దించాడు. తిరిగొచ్చి ఒక్కడే నిలబడి తలెత్తాడు. బోర్డు మీద ఇంకా వందే ఉంది. కాటా నిలకడకి రావడానికి కాస్త సమయం పడుతుంది, ఆ సంగతి ఆయనే అందరికీ చెబుతుంటాడు. చిన్నాడు మట్టిలో పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు. పెద్దదాని పెదవులు కదులుతున్నాయి. ఎవరి తూకమైనా ఫలానా అంకె రావాలని కాటాయన ఇన్నేళ్లలో ఎప్పుడూ కోరుకోలేదు. ఇప్పుడు కోరుకున్నాడు.

అంకెలు చెదిరాయి.

"ఖాళీ బండి," అంది ఆవిడ. ఈసారి గొంతు ఆవిడదే. "ఎనభై."

పెద్దది వేళ్లు ముడిచింది, తెరిచింది. "ఇరవై!" అని అరిచింది. వెంటనే మొహం మాడ్చుకుంది. "వాడూ ఇరవై, నేనూ ఇరవయ్యా? ఇదెక్కడి న్యాయం నాన్నా? వాడు నా భుజం దాకా కూడా రాడు!"

"నా సున్నా పోయింది," అన్నాడు చిన్నాడు. ఎగరలేదు, అరవలేదు. ఇందాక అక్క ఎలా నిలబడిందో అలా నిలబడ్డాడు.

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. "డాక్టరుగారు పద్నాలుగన్నారు, మీ కాటా ఇరవై అంటోంది. ఏది రాసుకోమంటారు?"

"కాటా చెప్పిందే," అన్నాడు ఆయన చెప్పులు తొడుక్కుంటూ, ఆవిడ వైపు చూడకుండా. "నిండులోంచి ఖాళీ తీస్తే ఎంతొస్తే అంతే."

తర్వాత మీసాల డ్రైవరు లారీని పలక ఎక్కించాడు. ఎవరూ చెప్పకుండానే దిగి, రెండు కాళ్లూ మట్టి మీద పెట్టుకుని నిలబడ్డాడు. చీటీ అందుకుని మామూలుగా గొణిగే మాట గొణగలేదు.

"మంచి కాటా గురూ," అన్నాడు. "పిసరంత తప్పు చెప్పదు. ఇవాళ కళ్లారా చూశాను."

ఇంత కాలానికి ఒక లారీ డ్రైవరు కాటాని మెచ్చుకున్నాడు. కాటాయన ఆ మెప్పుని ఎటు పెట్టుకోవాలో తెలియక, "సరే, పోనీ," అన్నాడు.

లారీ వెళ్లిపోయింది. కిటికీ మూశాడు. ఆవిడ గుడ్లు పంచింది. ఆయనకి ఒకటే ఇచ్చింది, రెండోది తిరిగి సంచిలో వేసింది. పెద్దది ఇంకా లెక్క సరిచూసుకుంటూనే ఉంది.

బోర్డు ఆపుదామని ఆయన గుమ్మం పక్క మీట మీద చెయ్యి వేశాడు. అప్పుడు చిన్నాడు, నోట్లో గుడ్డుతో, పలక మీదకి పరిగెత్తాడు. దర్జాగా మధ్యలో నిలబడి తలెత్తాడు.

సున్నా.

పెద్దది నోరు తెరిచింది. ఆవిడ దాని నోట్లో అరటిపండు ముక్క పెట్టింది.

చిన్నాడు బోర్డుని పైనుంచి కిందకి చూశాడు. గుడ్డు మింగాడు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. బోర్డు మీద జాలిపడ్డట్టు తల ఊపి, తండ్రి వైపు తిరిగాడు.

"నాన్నా, నీ కాటా పాడైంది."

సంచి భుజాన తగిలించుకుంటున్న ఆవిడ చెయ్యి మధ్యలోనే ఆగింది. కాటాయన బోర్డు వైపు చూశాడు. కొడుకు వైపు చూశాడు. మీట నొక్కి అంకెలు ఆర్పేశాడు.

"పాడైందిరా," అన్నాడు. "పద, ఏనుగెక్కుదువుగాని."