నాగులమ్మ కొట్టానికి సున్నం

పుత్తూరులో కట్టు కట్టే వైద్యుల బోర్డుల మీద విరిగిన చేతులూ కాళ్ళూ కనిపించేవి గుర్తుందా? వాటిలో సగానికి పైగా ఆదికేశవులు విరగ్గొట్టినవే. కట్టు కట్టక ముందు ఒక చెయ్యి, కట్టాక ఒక చెయ్యి, మధ్యలో బాణం గుర్తు. ముప్పై ఏళ్ళు బోర్డులు రాయడమే ఆయన పని. ఫ్లెక్సీలు వచ్చి ఆ పనిని ఊడ్చుకుపోయాక ఇంకొకరైతే మంచం పట్టేవాళ్ళే. ఆదికేశవులు మాత్రం పోతే పోయిందిలే అనుకుని, చిన్నప్పటి నుంచి మనసులో దాచుకున్న పనికి దిగాడు. ఆరుబయట కూర్చుని పశువుల కొట్టాలు, గడ్డివాములు, చెరుకు తోటలు చూసి బొమ్మలు వెయ్యడం.

పొద్దున్నే మోపెడ్ వెనక బొమ్మలు వేసే అట్టను సైకిల్ ట్యూబుతో కట్టుకుని బయల్దేరతాడు. ఎక్కడ కూలబోతున్న కొట్టం కనబడితే అక్కడ బండి ఆగుతుంది. గొడుగు పాతుకుని కూర్చుంటే ఎండ నెత్తికెక్కేదాకా లేవడు. కొత్తలో ఆయన్ని చూసి, రోడ్డుకు కొలతలు తీయడానికి వచ్చిన మనిషనుకుని పాసు పుస్తకాలు పట్టుకొచ్చి నిలబడినవాళ్ళు కూడా ఉన్నారు. భార్య భువనేశ్వరి మాటల్లో చెప్పాలంటే, సొంతింటి గోడ పెచ్చులూడి పదేళ్ళయినా కన్నెత్తి చూడని మనిషి ఊళ్ళో వాళ్ళ కొట్టాలన్నింటికీ కాపలా కాస్తున్నాడు. అలా అనడంలో కోపం పావు వంతే ఉంటుంది. టిఫిన్ డబ్బా సర్దేది ఆమే కదా.

ఆయనకు ఉన్న ముల్లు ఒక్కటే. ఈ వయసులో కూడా అందరికీ ఆయన ‘బోర్డు కేశవులే’. ఒకసారి తిరుపతిలో ఎవరికో బొమ్మలు చూపిస్తే, ఆ పెద్దమనిషి అద్దాలు పైకి తోసుకుని, బోర్డుల మీద అక్షరాలు రాసిన చెయ్యి అని తెలిసిపోతోందన్నాడు. ఆ మాట అన్నవాడు సాయంత్రానికే మరిచిపోయి ఉంటాడు. ఆదికేశవులు ఆరేళ్ళుగా మరవలేదు. అందుకే మొన్న వేసవిలో, తిరుపతిలో చిత్రాల ప్రదర్శన పెడుతున్న డ్రాయింగ్ టీచరు అమల ఒక్క బొమ్మ తెమ్మని కబురు చేస్తే, ఆయనకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఒక్కటే బొమ్మ. దాంతోనైనా బోర్డు కేశవులు అన్న పేరు చెరిగిపోవాలి.

నెల రోజులు తిరిగి తిరిగి, నారాయణవనం దారిలోని ఒక పల్లెలో నాగులమ్మ కొట్టం పట్టుకున్నాడు. అదేం కొట్టమండీ! మట్టి గోడ వానలకు కరిగి కరిగి నడుం వంచింది. గోడ నిండా పిడకలు కొట్టిన గుండ్రటి మచ్చలు, ఒక్కో మచ్చలో ఐదు వేళ్ళ ముద్రలు. బోదగడ్డి కప్పు ఒక పక్కకు జారి ఉంది. లోపలి చీకట్లోంచి ఒక జెర్సీ ఆవు మూతి. ఆదికేశవులు కళ్ళు చెమర్చాయి. ఆయనది అలాంటి మనసు, నవ్వుకోవలసిన పనిలేదు.

నాగులమ్మకు అరవై ఐదుంటాయి. రెండావుల పాలు పోసుకుని బతికే మనిషి. మొగుడు పోయి చాలా కాలమైంది. బొమ్మ వేసుకుంటానంటే దీంట్లో ఏముందని ఆమె తెల్లబోయింది. అయినా మజ్జిగ తెచ్చిచ్చింది. ఆయన ఆ రోజు పెన్సిలుతో గీసుకున్నాడు. గోడ మీది మచ్చలతో సహా, ఏ రంగు ఎక్కడో పక్కన రాసుకున్నాడు. సోమవారం వచ్చి రంగులు వేస్తానని చెప్పి, లేస్తూ లేస్తూ, ఈ బొమ్మను తిరుపతిలో పెద్దపెద్దవాళ్ళు చూస్తారని కూడా చెప్పాడు. నోరు ఊరుకోదు కదా.

సోమవారం వచ్చేసరికి కొట్టం లేదు. అంటే ఉంది, కానీ అది కాదు. గోడ తెల్లగా మెరుస్తోంది. సున్నంలో నీలిమందు కూడా కలిపినట్టుంది. కింద ఎర్రమన్ను పట్టీలు. బోద సరిచేసి, జారిన చోట కొత్త గడ్డి కప్పి ఉంది. ఆవుకు పసుపూ కుంకుమా. గుమ్మం ముందు ముగ్గు, ముగ్గు పక్కన పట్టుచీర కట్టుకుని నాగులమ్మ. సున్నానికి ఆమె వేళ్ళు పగిలి ఉన్నాయి.

“పెద్దోళ్ళు సూస్తారంటివి గదప్పా. ఆ మురికి గోడ ఎట్లా సూపిచ్చేది? రెండు దినాలు పట్టింది నాకు. ఇప్పుడెట్లుండాది?”

మన పల్లెల్లో ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే ముందు గోడకు సున్నం పడుతుంది. ఆ సంగతి ఆదికేశవులుకు తెలియక కాదు, తట్టలేదంతే. బాగుందక్కా అన్నాడు. గొడుగు కింద రెండు గంటలు కూర్చుని చెట్టునూ ఆకాశాన్నీ వేశాడు, గోడ జోలికి పోలేదు. ఆమె ఆ రెండు గంటలూ కదలకుండా నిలబడే ఉంది.

ఇంటికొచ్చి, తలుపు దగ్గరకు వేసుకుని, మొదటి రోజు పెన్సిలుతో గీసిన కాగితం ముందు పెట్టుకుని పాత గోడనే వేశాడు. కరిగిన మట్టి, పిడకల మచ్చలు, వేళ్ళ ముద్రలు, అన్నీ. పట్టుచీర మనిషిని వెయ్యలేదు. తప్పనిపించింది, కానీ చెయ్యి ఆగలేదు. ఆయన జన్మలో వేసినవాటిలో అంత మంచి బొమ్మ లేదన్నది నిజం. ఎన్నడూ మెచ్చుకోని భువనేశ్వరి కూడా గరిటె పట్టుకుని వచ్చి, పొయ్యి మీద పులుసు సంగతి మరిచిపోయి నిలబడింది.

తిరుపతిలో ఆ బొమ్మ ముందు జనం ఆగి ఆగి చూశారు. ఎక్కడ నేర్చుకున్నారని ఒకాయన అడిగాడు. అద్దాల పెద్దమనిషి కూడా వచ్చి, చాలాసేపు నిలబడి, ఈయన్ని గుర్తుపట్టకుండానే చెయ్యి కలిపి వెళ్ళాడు. ఆదికేశవులు ఆ చెయ్యిని సాయంత్రం దాకా జేబులో పెట్టుకునే తిరిగాడు.

మూడో రోజు నాగులమ్మ వచ్చింది. ఎవరూ పిలవలేదు. పుత్తూరులో బస్సెక్కి, దారి అడుగుతూ అడుగుతూ, అదే పట్టుచీరలో. హాలంతా తిరుగుతూ తన బొమ్మ కోసం వెతికింది. ఆ బొమ్మ ముందు నుంచే దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. కింద అంటించిన చీటీలో ‘నాగులమ్మ కొట్టం’ అని ఉంది. అమల ఆమె పేరు తెలుసుకుని, సంబరంగా, ఈ కొట్టం మీదేనా అని అందరి ముందూ అడిగింది. నాగులమ్మ ఆవు మూతిని చూసింది. గోడ మీద తన వేళ్ళ ముద్రలు చూసింది.

“మాది గాదమ్మా. మా కొట్టం తెల్లంగా ఉంటాది.”

మూలన నిలబడ్డ ఆదికేశవులుకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. తప్పించుకుందామనుకునే లోపే ఆమె చూసింది. ఏడవలేదు, నిష్ఠూరం ఆడలేదు. దగ్గరికొచ్చి, ఆయన పరువు పోకుండా ఆయనకే దారి చూపించింది.

“మా బొమ్మ ఇంకా తడారలేదేమో గదప్పా. నిదానంగానే వెయ్యి, తొందరేముండాది.”

పాలు పిండే వేళవుతుందని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

ఆ సాయంత్రమే బొమ్మ దించేశాడు. ప్రదర్శన ఇంకా రెండు రోజులుందని, రేపు బహుమతులకు ఎంపిక చేసేవాళ్ళు వస్తున్నారని, ఇది తప్పకుండా వాళ్ళ కళ్ళలో పడుతుందని అమల బతిమాలింది. ఆయన గోడకు తిరిగి మేకు పీకుతూనే జవాబిచ్చాడు.

“సొంతదారే మాది గాదనిందమ్మా. ఇంక ఎవురిదని తగిలిచ్చేది?”

మరుసటి వారం కొత్త అట్ట కట్టుకుని ఆ పల్లెకు పోయాడు. ఈలోగా రెండు పెద్ద వానలు పడ్డాయి. కొట్టం ముందు బండి ఆపిన మనిషి దిగకుండా అలాగే ఉండిపోయాడు. సున్నం ధారలు ధారలుగా కారి, కింద మట్టి బయటపడి, ఎర్రమన్ను పట్టీలు గులాబీ రంగై తెలుపులోకి పాకి ఉన్నాయి. పాత గోడ దీని ముందు దిగదుడుపే. ఇదే వేసుకుని తిరుపతి పోతే ఇంకో ఆరేళ్ళు చెప్పుకునేవాళ్ళు. చెయ్యి దానంతటదే పెన్సిలు కోసం జేబులోకి పోయింది.

నాగులమ్మ బయటికొచ్చి ఆయన్ని చూసి, గోడను చూసి, చిన్నబోయింది. వాన నాశనం చేసిందని, నాలుగు రోజులు ఆగి వస్తే మళ్ళీ కొట్టి పెడతానని అంది. సున్నం అప్పటికే డ్రమ్ములో నానుతోంది. పగిలిన వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టుకుని ఉంది.

ఆదికేశవులు బండి స్టాండు వేశాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, ఆమె చేతిలో నుంచి నార కుంచె తీసుకున్నాడు. వద్దంటున్నా వినలేదు. పై నుంచి కింది దాకా, వానధారలన్నీ ఒక్కొక్కటే కప్పుకుంటూ వచ్చాడు. కళ్ళలో సున్నం పడింది. తుడుచుకుని మళ్ళీ కొట్టాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గోడ మీద ఒక్క మరక మిగల్లేదు. అప్పుడు అట్ట విప్పి, గొడుగు పాతి, పెన్సిలు తీశాడు.

“నువ్వు యాడ నిలబడతావో ముందు సెప్పక్కా. నిన్ను గీసినాకే గోడ మొదలుపెడతా.”