గోడ మీద గులాబీ చీటీలు

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో నాకు నాచారం పారిశ్రామికవాడలోని ఒక ప్యానెళ్ల ఫ్యాక్టరీలో సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్‌గా పోస్టింగ్ వచ్చింది. ప్యానెల్ అంటే మంచినీళ్ల పంపుహౌసుల్లో మోటార్లను నడిపించే, ఆపే సరంజామా అంతా ఉండే ఇనుప బీరువా. ఒక్కో కస్టమర్ ఇచ్చే ఆర్డరును మేము ప్రాజెక్టు అనేవాళ్లం. డ్రాయింగ్ గీయించడం, సామాను తెప్పించడం, వైరింగ్ చేయించడం, పరీక్ష చేయించి లారీ ఎక్కించడం, అంతా ప్రాజెక్ట్ మేనేజర్ పూచీ. మా మీద ఎండీ గారు. నేను గుంటూరు వైపు మనిషిని. పీర్జాదిగూడలో అద్దెకుండి, రోజూ ఉప్పల్ దుమ్మంతా మింగుతూ స్కూటీ మీద నాచారం వెళ్లేదాన్ని. అప్పుడు ఎంత తిట్టుకున్నానో! ఇప్పుడు ఆ స్తంభాల మీద రైలు పోతుంటే ఆ దుమ్ము మీద కూడా బెంగగా ఉంటుంది.

ఎండీ గారు ఏదో శిక్షణకు వెళ్లి జపాన్ వాళ్ల మాట ఒకటి పట్టుకొచ్చారు. ముడా. కస్టమర్‌కి ఏ రకంగానూ అక్కరకు రాని శ్రమంతా ముడా, అంటే వృథా. "ఇనుప తుక్కు నాకు కనిపిస్తుందమ్మా. ప్రాజెక్టుల్లో వృథా ఎక్కడుందో మీరు చూపించండి" అని ఆ బాధ్యత నాకు అప్పగించారు. తిప్పలన్నీ అక్కడే. తుక్కయితే కుప్పగా పడి ఉంటుంది. సంతకం కోసం ఎవరి బల్ల మీదో నిద్రపోతున్న డ్రాయింగ్ ఎవరి కంటికీ ఆనదు. పైగా చూడబోతే అందరూ తలమునకలుగా పని చేస్తున్నట్టే ఉంటారు.

ఇక్కడ యాదగిరి గురించి చెప్పాలి. హోదా ప్రకారం ప్రోగ్రెస్ అసిస్టెంట్, అందరూ పిలిచేది మాత్రం ఫాలో-అప్ యాదగిరి. భువనగిరి వైపు మనిషి. యాభై దాటాయి. గొంతు విప్పితే గేటు దాకా వినబడేది. ఆగిపోయిన ఆర్డర్ల వెంటపడి వాటిని కదిలించడమే అతని ఉద్యోగం. డ్రాయింగ్ సెక్షన్ నుంచి పర్చేజ్‌కి, అక్కణ్ణుంచి స్టోర్స్‌కి, స్టోర్స్ నుంచి వైరింగ్ బెంచీల దగ్గరికి పొద్దస్తమానం తిరిగేవాడు. జేబులో ఎర్ర రిబ్బన్ చుట్ట ఉండేది. ఏ ప్యానెల్‌కి అతను రిబ్బన్ కడితే అది అర్జెంటు. చేతిలో ఉన్న పని పక్కన పడేసి దాన్ని అందుకోవాలి.

ఇక మా సంగతి చూడాలి! ప్రాజెక్ట్ మేనేజర్లమంతా అతని చుట్టూ ప్రదక్షిణలు. "అన్నా, మాదొక్కటి కట్టవా" అని బతిమాలుకోవడం, సమోసాలు తెప్పించడం. అతను మంత్రిగారిలా చెయ్యెత్తి "ఫికర్ జేయకున్రి మేడమ్, నేనున్న గదా" అనేవాడు. ఎవరినీ కాదనలేని మనిషి. అందరికీ కట్టీ కట్టీ చివరికి షాపులో, అంటే వైరింగ్ బెంచీలుండే షెడ్డులో, రిబ్బన్ లేని ప్యానెల్ లేకుండా పోయింది. అన్నీ అర్జెంటే, ఒక్కటీ గేటు దాటదు.

నేను క్యాంటీన్ గోడకి ఖాకీ కాగితం అంటించి, ఆర్డరు నడిచే దారంతా దాని మీద గీశాను. నిజంగా పని జరిగిన చోట పసుపు చీటీ, ఊరికే ఆగిన చోట గులాబీ చీటీ. ఈ దారి యాదగిరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కాబట్టి అతన్నే వెంటబెట్టుకున్నాను. అతనికి ఉత్సాహం ఎక్కువైంది. "గిది రాయున్రి మేడమ్, ఈడ మస్తు ఆగుతది" అంటూ ప్రతి సెక్షన్ గుట్టూ విప్పేవాడు. తీరా అయ్యాక చూస్తే గోడంతా గులాబీ రంగు. పసుపు అక్కడక్కడ ఉందంటే ఉంది.

అప్పుడొక నిబంధన పెట్టాం. షాపులో ఒక ప్యానెల్ బయటికి వెళ్తేనే ఇంకొకటి లోపలికి రావాలి. వచ్చిన వరసలోనే పని, అర్జెంటు రిబ్బన్ ఇక లేదు. పొద్దున షిఫ్ట్ మొదలవగానే అన్ని సెక్షన్లవాళ్లం గోడ దగ్గర నిలబడి, ఎవరి దగ్గర ఏది ఆగిందో వాళ్లే చెప్పి చీటీ అంటించాలి. తోటి మేనేజర్లు నా మీద నిప్పులు చెరిగారు. మొదట్లో సెక్షన్లవాళ్లూ నోరు విప్పలేదు. చెప్పినందుకు ఎవరికీ తిట్లు పడకపోయేసరికి మెల్లగా ధైర్యం వచ్చింది. ఒకరు తమ దగ్గర ఒకే పట్టిక రెండుసార్లు టైపవుతోందన్నారు, ఇంకొకరు పరీక్ష గది తాళం కోసం కాచుకుంటున్నామన్నారు. చెప్పినవి చెప్పినట్టు సరిచేసి, ఆ చీటీలు పీకేసుకుంటూ పోయాం. ప్యానెళ్లు కదిలాయి. ఆ రోజుల్లో గోడ దగ్గర వినిపించిన నవ్వులు నా ఉద్యోగంలో మళ్లీ ఎక్కడా వినలేదు.

నవ్వనిది యాదగిరి ఒక్కడే. అడ్డం పడేది లేనప్పుడు కదిలించే మనిషితో పనేముంది? స్టోర్స్ బయట బల్ల మీద కూర్చునేవాడు, ఎవరైనా వస్తే లేచి నడుస్తున్నట్టు కనిపించేవాడు. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిజం జెప్పున్రి మేడమ్. ఆ గోడ మీద నేనే రంగు?"

"తిరగడం గులాబీ, అన్నా. నువ్వు కాదు" అన్నాను.

"ఇన్నేండ్ల సంది తిరుగుడే గదా నా పని. తిరుగుడు పోతే నేనేడుంట?" అన్నాడు. "దారంత నేనే సూపిస్తి. నా కాళ్ల కింద మట్టి నేనే తవ్వుకున్న."

ఆ సాయంత్రమే ఎండీ గారు కబురు పెట్టారు. ఫలితాలు బాగున్నాయని మెచ్చుకుని, ప్రోగ్రెస్ అసిస్టెంట్ పోస్టు ఇక అవసరం లేదు కాబట్టి తీసేద్దామన్నారు. ఆయన దుర్మార్గుడేం కాదు. నేను గీసిన బొమ్మే ఆయనకి ఆ మాట చెప్పింది. కొన్నాళ్లు ఆగమన్నాను. సరేనని ఊరుకున్నారు గానీ మనసు మార్చుకోలేదు.

ఆఫీసులో ఏ మాట దాగుతుంది! మర్నాటికల్లా షాపంతా పాకింది. పొద్దున గోడ దగ్గర అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. పర్చేజ్‌లో ఏం ఆగిందని అడిగితే, "మా దగ్గర ఆగుడేం లేదు మేడమ్" అన్నారు. వైరింగ్‌లో? "అంతా మంచిగనే నడుస్తున్నది." స్టోర్స్‌వాళ్లు తల అడ్డంగా ఊపారు. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. ఒక్క గులాబీ చీటీ పడలేదు. ప్యానెళ్లు మాత్రం మళ్లీ బెంచీల పక్కన పేరుకుపోతున్నాయి.

ఇక లాభం లేదని వెళ్లి ఎండీ గారిని క్యాంటీన్‌కి తీసుకొచ్చాను. "చూడండి సార్, ఈ వారం మన ఫ్యాక్టరీలో వృథా అన్నదే లేదు" అన్నాను. ఆయన గోడ వంక చూశారు, తలుపులోంచి బెంచీల పక్కన వరసగా నిలిచిపోయిన ప్యానెళ్ల వంకా చూశారు. "యాదగిరి సంగతి తెలిసిందా వీళ్లకి?" అని అడిగారు. తెలిసిందన్నాను. "దారి చూపించినవాడికే దారి మూసేస్తే ఇంకెవరు చూపిస్తారు సార్? అతన్ని పంపించాలనుకుంటే ఈ కాగితం కూడా తీసేయించండి, నన్ను వేరే పనికి వేయండి" అన్నాను. గొంతు కాస్త పెరిగింది. పెరిగినందుకు నేనేం బాధపడలేదు.

ఆయన ఆ ప్యానెళ్ల వంక మరోసారి చూసి, "మరి అతనికి ఏం పని ఇద్దాం?" అన్నారు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. మా ప్యానెళ్లు లారీలో వెళ్లి, పంపుహౌసు గది తయారుగా లేక, టార్పాలిన్ కింద పడి ఉండటం మామూలే. ముందుగా వెళ్లి, అక్కడి మేస్త్రీలతో, ఇంజనీర్లతో మాట్లాడి అంతా సిద్ధం చేయించే మనిషి కావాలి. ఎవరినైనా కదిలించగల నోరు యాదగిరిది. మర్నాడు ఎండీ గారే గోడ దగ్గరికి వచ్చి, యాదగిరి సైట్ కోఆర్డినేటర్ అయ్యాడని, ఈ గోడ మీద చెప్పినదాని వల్ల ఎవరి పోస్టూ పోదని అందరి ముందూ అన్నారు. ఆయన ఇంకా అక్కడ ఉండగానే టెస్టింగ్ సెక్షన్ ఆమె ముందుకొచ్చి గులాబీ చీటీ అంటించింది.

యాదగిరి మొదటి సైట్ నుంచి ఫోన్ చేశాడు. "మేడమ్, లారీ పంపకున్రి. ఈడ తలుపు సన్నగున్నది, ప్యానెల్ పట్టది. గోడ పలగ్గొట్టిపిస్తున్న, రేపు జెప్త" అన్నాడు. వెనక సుత్తి దెబ్బలు, వాటిని మించి అతని గొంతు! ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని హాయిగా నవ్వుకున్నాను.

తర్వాత నేను ఇంకొన్ని ఫ్యాక్టరీల్లో పనిచేశాను. ప్రతిచోటా ఈ పద్ధతే పెట్టమన్నారు. గోడకి కాగితం అంటించే ముందు పైవాళ్లను ఒక్కటే అడిగేదాన్ని, దీనివల్ల ఎవరి ఉద్యోగమూ పోదని మీ నోటితో మీరే అందరి ముందూ చెబుతారా అని. చెప్పనన్న చోట నేను కాగితం అంటించలేదు.