వదిలేసిన దెబ్బ

1958 వేసవిలో, మధ్యాహ్నం రెండూ పదికి కోస్గిలో మా బస్సు ఆగింది. ఎదురుగా డప్పులతో శవయాత్ర వస్తోంది. నేను తబలా నేర్చుకున్నవాణ్ణి. తాళంలో మొదటి దెబ్బను మేము సమ్ అంటాం. బరువంతా దాని మీదే పడాలి. ఆ డప్పుల్లో అదొక్కటే ఖాళీగా పోతోంది.

పక్క సీటు ముసలాయన ఒళ్లో కూడా డప్పుంది. తబలా నేర్చుకున్నానని చెప్పి, మొదటి దెబ్బను ఎందుకలా వదిలేస్తున్నారని అడిగాను.

"తబలా నేర్చినవంటవు, గింత ఎరుక లేదా సారూ? గది పెద్దదెబ్బ. పోయినోళ్లది. మేం కొట్టం."

"కానీ ఆ ఖాళీలో నాకు దెబ్బ వినపడుతోంది," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఇంట్ల ఎవరు పోయిన్రు?"

నా భార్య పోయి అప్పటికి నెల. ఆ సంగతి బస్సులో ఎవరికీ తెలియదు.

పదేళ్ల తర్వాత ఆ దెబ్బ వినడానికే కోస్గి వెళ్లాను. అప్పటికి అక్కడ పెద్దదెబ్బను వదలడం మానేశారు, దాన్నీ వాళ్లే కొడుతున్నారు.