పూడ్చిన సందు

అమలాపురంలో మా ఆవిడ కుట్టు షాపు పెట్టుకున్న కాంప్లెక్సు పైకప్పు పని నేను చేసిందే. అందుకే ఆ చప్పుడు మొదలైనప్పుడు నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది.

ఇద్దరు అన్నదమ్ములు కలిసి కట్టించిన కాంప్లెక్సు అది. పొడుగాటి బిల్డింగు కాబట్టి ఇంజినీరు మధ్యలో కింది నుంచి పైదాకా రెండు వేళ్ల సందు వదిలాడు. స్లాబు ఎండకు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఆ కదలికకు చోటుండాలి. సందు మీద కప్పే రేకుకు కూడా ఒక పక్కే స్క్రూలు బిగించాలి. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నవాణ్ణి, నాకు తెలియనిది కాదు.

ఓపెనింగు వారం ఉందనగా అన్నదమ్ముల్లో పెద్దాయన మేడెక్కి, సందు చూసి మొహం చిట్లించాడు.

"ఇదేంటయ్యా, బిల్డింగు రెండు ముక్కలైనట్టుంది! అన్నదమ్ములు అప్పుడే విడిపోయేరనుకోరా ఊళ్లో? పూడ్చెయ్యి."

"ఆయ్, అలాగేనండి" అన్నాను. నోటికి అలవాటైన మాట. సందు నిండా సిమెంటు కూరి, పైన రేకుకు రెండు పక్కలా స్క్రూలు బిగించాను. వీధి వైపు స్లాబు అంచుకు అతుకు కనిపించకుండా ఒకే పొడవు అల్యూమినియం పట్టీ వేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉంది.

ఆ వేసవిలో మొదలైంది. మధ్యాహ్నం పన్నెండు దాటగానే పైన మూడు దెబ్బలు. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎవరో బరువైనదేదో ఈడుస్తున్నట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి మూలుగు. పొద్దువాలాక మళ్లీ అదే మూలుగు, ఈసారి వెనక్కి. పై అంతస్తు ఖాళీ, తాళం పెద్దాయన దగ్గరే ఉండేది.

జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినావిడ ఒకరు, టేపు భుజం మీద ఉండగానే చెప్పులేసుకుని వెళ్లిపోయారు. పెద్దాయన బూడిద గుమ్మడికాయ కట్టించాడు. మా ఆవిడ పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించింది. ఆయన "ఆమేన్" అనగానే పైన ఒక్క దెబ్బ పడింది. కాసేపు ఎవరూ కళ్లు తెరవలేదు.

"పైన ఎవరో ఉన్నారండీ" అంది మా ఆవిడ ఆ సాయంత్రం. "నేను అరుగు మీద కూర్చుంటే సరిగ్గా నా నెత్తి మీదకొచ్చి ఆగుతున్నారు."

"జాకెట్టు కావాలేమో, కొలతలు తీసుకో" అని వెక్కిరించాను. భయపడి ఆవిడ లోపలికి జరుపుకున్న మిషనును, వెలుతురు చాలదని చెప్పి, నేనే మళ్లీ అరుగు మీదకు లాగాను. అక్కడ ఎండకు పచ్చ పరదా కట్టి ఉండేది. ఆ చప్పుడు సాగడానికి చోటు లేని స్లాబుదేనని నాకు మొదటి రోజే తెలుసు. చెబితే నా తప్పు బయటపడుతుంది. తెలిసి కూడా, ఆ మూడు దెబ్బలు వింటే నేను పూడ్చిపెట్టిందేదో లోపలి నుంచి తలుపు కొడుతున్నట్టు ఉండేది.

ఒక మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని వెళ్లాను. మిషను ఆడుతోంది. మూడు దెబ్బలు పడ్డాయి. ఎప్పుడూ లేనిది, నాలుగోది కూడా పడింది. మా ఆవిడ కుట్టు ఆపి, పైకి చూసి, లేచి లోపలికి వెళ్లింది. గడప దాటిందో లేదో, నా అంచు పట్టీ సిమెంటు పెచ్చులతో సహా ఊడి, పరదాను చీల్చుకుని ఆవిడ స్టూలు మీద పడింది.

దుమ్ము తగ్గాక ఆవిడ బయటికొచ్చి, వంగిన పట్టీని చాలాసేపు చూసింది.

"ఇది మీరు బిగించిందే కదండీ? ఆ చప్పుడు దీందేనని మీకు ముందే తెలుసా?"

"ఆయ్" అన్నాను.

మర్నాడు పెద్దాయన వద్దంటున్నా వినకుండా సిమెంటంతా తవ్వి సందు తెరిచాను. చప్పుడు ఆగిపోయింది. ఇప్పటికీ నేను క్యారేజీ తీసుకుని వెళ్తే, పన్నెండు దాటగానే ఆవిడ మిషను ఆపి కాసేపు చెవి ఒగ్గి వింటుంది. పైన ఏమీ ఉండదు. అప్పుడు నా మొహంలోకి చూస్తుంది.