ముయె తొక్కడం మానేసింది

మరైగూడలో నడుం పట్టేసినవాళ్లు ఇప్పటికీ ముందు ముయె ఇంటికే వస్తారు. ఆమె ఎవరినీ తొక్కదు. ఆ సంగతి తెలిసీ వస్తారు, ఒకసారి బతిమాలి చూద్దామని.

ముయె పుట్టినప్పుడు కాళ్లు ముందుగా బయటికి వచ్చాయి. అలా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుం నొప్పి పోతుందని ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ నమ్ముతాయి. ఊహ తెలియకముందే ఆమెను ఎత్తుకుపోయి ముసలివాళ్ల వీపుల మీద నిలబెట్టేవారట. పెళ్లయి ఈ ఊరు వచ్చాక పేరు ఇంకా పెరిగింది. మనిషి గడప దగ్గర బోర్లా పడుకునేవాడు. ఆమె ఎడమ పాదం నడుం మీద ఆనించి, మెల్లగా బరువు వేసి, చివర మడమతో ఒక్క నొక్కు నొక్కేది. లేచినవాడు 'తేలికైంది' అనాలి. అది మర్యాద. తర్వాత కొన్నాళ్లకు చాలామందికి నిజంగానే తగ్గిపోయేది. ఎర్రబోరు సంతలో ఆమె నడుస్తుంటే లారీ డ్రైవర్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చేవారు.

ఆమె భర్త ఉంగకు ఒక తమ్ముడు, మాసా. రెండిళ్లకూ ఒకటే వాకిలి. ఈ దొర్ల తెగ కుటుంబాల్లో వదినకూ మరిదికీ మధ్య ఎకసెక్కం హక్కు లాంటిది. నలుగురిలో ఎంత మాటైనా అనుకోవచ్చు. అనుకోకపోతేనే ఏదో చెడిందని ఊరు అనుమానిస్తుంది. ఆ రోజుల్లో మాసా ఆమెను ఏనాడూ వదినా అని పిలవలేదు. 'ఎదురుకాళ్ల ముసలీ' అనేవాడు. ఆమెకు అతను 'సోమరి దున్న'. ఉంగ మాట తక్కువ మనిషి. ముయె ఆ ఇంట్లో నవ్విన నవ్వుల్లో ఎక్కువ భాగం మాసా తెప్పించినవే.

రెండేళ్ల కిందట, బీడీల తునికాకు కోసే కాలంలో, లారీకి ఆకు బస్తాలు ఎత్తుతుండగా మాసా నడుం పట్టేసింది. అంతకుముందూ పట్టేసేది, ఆమె తొక్కేది, తగ్గేది. ఈసారి మాత్రం ఒక రోజు ఇంట్లో పడుకుని, మర్నాడు గుంజలు పట్టుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. పందిరి కింద ఆడవాళ్లు ఆకు కట్టలు కడుతున్నారు.

"ఎదురుకాళ్ల ముసలీ, జర తొక్కు. రెండు కాళ్లల్లకి కరెంటు పోతున్నది."

"ఊర్లకే సక్కగ రాని కరెంటు నీ కాళ్లల్లకి ఎట్ల వచ్చెరా?" అంది ముయె.

"నిన్నటి సంది ఒంటేలు కూడ వస్తలేదు. కూసుంటే కింద పీట ఉన్నదో, ఎవరన్న గుంజిండ్రో తెలుస్తలేదు. నీ మరిది నడుం కింద సచ్చిపోయిండే."

"గా మాట మా జోగే పెండ్లయిన కాడి నుంచీ చెప్తనే ఉన్నది."

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. మాసా భార్య జోగే కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాసా గుంజ పట్టుకుని తనూ నవ్వాడు. తర్వాత గడప దగ్గర బోర్లా పడుకున్నాడు. ముయె తొక్కింది. అతను లేచి, "తేలికైంది" అన్నాడు.

ఆ మర్నాడు కాళ్లు నిలవలేదు. మంచం మీద మోసుకుని రోడ్డెక్కించి భద్రాచలం తీసుకెళ్లారు. అక్కడివాళ్లు ఇంకా పెద్ద ఊరికి పంపారు. ఆపరేషన్ అయింది. ఒంటేలు ఎప్పుడు ఆగిందని డాక్టర్ ఉంగను అడిగాడు. ఉంగ చెప్పాడు. ఆ రోజే తెచ్చి ఉండాల్సిందని డాక్టర్ అన్నాడు. నెలల మీద మాసా కాళ్లకు బలం వచ్చింది. ఎడమ పాదం మాత్రం ఈడుస్తాడు. ఒంటేలు తనంతట తాను రావడం మళ్లీ మొదలవలేదు. గొట్టం, దాని చివర ఒక సంచీ అతనితోనే తిరుగుతాయి.

ముయె ఉప ఆరోగ్య కేంద్రానికి ఒక్కతే వెళ్లింది. అక్కడి నర్సు ఊర్మిలది జగదల్‌పూర్ వైపు. తెలుగు ఇక్కడికి వచ్చాక నేర్చుకుంది.

"నా కాలుతోనే అయ్యిందా, సిస్టర్?"

"అది పక్కా చెప్పలేను, దీదీ. పూసల మధ్య గుజ్జు బయటికి వచ్చి నరాలను నొక్కింది. మీరు తొక్కేకంటే ముందే నొక్కింది. లేకపోతే పేషాబ్ ఎందుకు ఆగుతుంది? మీరు తొక్కాక ఇంకెంత నొక్కిందో ఎవరికి తెలుసు? కానీ టైం పోయింది. అది పక్కా."

ముయె బల్ల మీద కూర్చుంది.

"మరి ఇన్నేండ్లు నేను తగ్గించిన నడుములు?"

అబద్ధం చెప్పడం ఊర్మిలకు చేతకాలేదు. "ఎక్కువ మందికి దానంతట అదే తగ్గుతది, దీదీ. కొన్ని వారాల్లో. తొక్కినా, తొక్కకపోయినా."

ఆ తర్వాత ముయె ఎవరి నడుం మీదా పాదం పెట్టలేదు. వచ్చినవాళ్లను ఊర్మిల నేర్పిన ప్రశ్నలు అడుగుతుంది. కింద పడ్డావా? జ్వరం వస్తోందా? ఒళ్లు చిక్కిపోతోందా? కాళ్లలో బలం తగ్గిందా? ఒంటేలు, దొడ్డికి సరిగ్గా అవుతున్నాయా? కూర్చునే చోట తిమ్మిరి ఉందా? ఆడా మగా, చిన్నా పెద్దా తేడా లేకుండా అడుగుతుంది. కొందరికి సిగ్గు, కొందరికి కోపం. ఒక పాదం మోపడానికి ఇంత విచారణ ఏమిటని లేచిపోయినవాళ్లున్నారు.

మొన్న ట్రాక్టర్ నడిపే రాంబాబు వచ్చాడు. నాగలి ఎత్తబోతే పట్టేసిందట. వాకిట్లో అవతలి పక్క మాసా చేపలబుట్ట అల్లుతూ కూర్చుని ఉన్నాడు.

"ఒంటేలు వస్తున్నదా?" ముయె అడిగింది.

"వస్తది అక్కా, కల్లు పోస్తే ఇంకా మస్తు వస్తది," అని రాంబాబు నవ్వాడు.

ముయె నవ్వలేదు. "సక్కగ చెప్పు. ఆగి ఆగి వస్తున్నదా? కూసున్న కాడ మొద్దుబారిందా?"

రాంబాబు మాసా వైపు చూసి నవ్వు మింగేశాడు. "లేదక్కా. అన్ని బాగనే ఉన్నయి. నడుం ఒక్కటే."

"అయితే భయం లేదు. మంచం ఎక్కకు. మెల్లగ తిరుగు, వేడి కాపడం పెట్టుకో. అయినా సిస్టర్‌కు ఒక్కసారి చూపించు."

ఊర్మిల అతన్ని పడుకోబెట్టి ఒక్కో కాలూ నిటారుగా ఎత్తింది. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టింది. బొటనవేలు పైకి లాగమని తన వేలితో అదిమి చూసింది. నొప్పి మాత్రలు ఇచ్చి, అన్నం తిన్నాకే వేసుకోమంది. ఎక్స్-రే రాయమని రాంబాబు పట్టుబట్టాడు. "ఇలాంటి నొప్పి ఫోటోలో కనబడదు, భయ్యా. కాళ్లు మొద్దుబారినా, పేషాబ్ ఆగినా అదే రోజు రండి. రాత్రయినా సరే," అంది. రాంబాబుకు అది వైద్యంలా అనిపించలేదు. తిరిగొస్తూ ముయె గడప వైపు ఒకసారి ఆశగా చూసి వెళ్లిపోయాడు.

ముయె ఒక ప్రశ్న మాసాను అడగడానికి చాలా కాలం పట్టింది. కిందటి వానాకాలంలో అడిగింది. అంత పెద్ద కష్టం నవ్వుకుంటూ ఎందుకు చెప్పావని.

"నీతోటి ఇంకెట్ల చెప్పాలె?" అన్నాడు మాసా. నిష్ఠూరంగా కాదు. ఆ వాకిట్లో అతనికి తెలిసిన పద్ధతి అదొక్కటే.

ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. జోగే ఒక్క మాటా అనలేదు. కానీ ఆపరేషన్ తర్వాత మాసా ఎకసెక్కం మానేశాడు. ముయెకు అది సంచీ కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్కసారి తిడితే చాలునని రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని వాకిలి దాటి వెళుతుంది.

రాంబాబు వెళ్లిన సాయంత్రమూ వెళ్లింది. అల్లుతున్న బుట్టను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందిరా సోమరి దున్నా, దీంట్ల చేపలు పడతయా, కప్పలా?"

పాత మాసా అయితే ఆమె కాళ్ల దగ్గర మొదలుపెట్టి, ఆమె పుట్టింటి దాకా పోయేవాడు. ఇప్పుడు బుట్ట కోసం చెయ్యి చాపాడు.

"చేపలే పడతయి, వదినా."

పక్కనున్న తువ్వాలు లాగి సంచీ మీద కప్పుకున్నాడు. ముయె బుట్ట ఇచ్చేసింది. ఇంకో మాట వస్తుందేమోనని కొంతసేపు నిలబడి, పొయ్యి వెలిగించే వేళ అయిందని ఇంట్లోకి వెళ్లింది.